ఆర్ట్ డెకో బీరు ట్యాప్ గుబ్బలు: ఏది కొనాలి, ఏది వదలాలి

అమ్మకానికి పెట్టిన పాత బీరు ట్యాప్ హ్యాండిలు (బార్‌లో పీపా బీరు పోయడానికి లాగే పిడి లేదా గుబ్బ) పక్కన "ఆర్ట్ డెకో" అని రాసి ఉన్నప్పుడు, ఆ మాటను వస్తువును వర్ణించడానికి రాశారా, ధర పెంచడానికి రాశారా అన్నది కొనేవారు ముందుగా తేల్చుకోవలసిన విషయం. 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల అంతర్జాతీయ ప్రదర్శనతో, సూటి గీతలతో జ్యామితి ఆకారాలతో ఉండే ఈ అలంకార శైలికి ప్రపంచమంతటా ప్రాచుర్యం వచ్చినప్పటికీ, "ఆర్ట్ డెకో" అనే పేరు వాడుకలో స్థిరపడింది మాత్రం 1960ల చివర్లోనే. కాబట్టి 1930ల నాటి తయారీదారు తన సరుకుమీద ఆ పేరు వేసే అవకాశం లేదు. హ్యాండిలుతోపాటు ఇచ్చే "పాత" అట్టపెట్టెమీద ఆ మాట అచ్చయి కనిపిస్తే, పెట్టెతో సహా హ్యాండిలునూ అక్కడే వదిలేయవచ్చు.

ఈ వస్తువుల కథ ప్రధానంగా అమెరికాది. 1920 జనవరిలో అక్కడ మద్యనిషేధం అమలులోకి రాకముందు, చాలా సెలూన్లు (అక్కడి బార్లు) ఏదో ఒక బీరు కంపెనీ పెట్టుబడితో, ఆ కంపెనీ బీరు మాత్రమే పోస్తూ నడిచేవి గనుక ట్యాప్‌మీద పేరు రాయవలసిన అవసరం పెద్దగా ఉండేది కాదు. హ్యాండిళ్లు పేరులేని చెక్క పిడులుగానో పింగాణీ పిడులుగానో ఉండేవి. 1933 ఏప్రిల్ 7న బరువులో 3.2 శాతం ఆల్కహాలున్న బీరు అమ్మకానికి అనుమతి వచ్చింది, ఆ ఏడాది డిసెంబరు 5న నిషేధమే రద్దయింది. ఆ తరువాత వచ్చిన చట్టాలు బీరు కంపెనీలు బార్లను తమ గుప్పిట్లో పెట్టుకోకుండా అడ్డుకట్ట వేశాయి. ఒకే బార్‌లో నాలుగు కంపెనీల బీరు పక్కపక్కనే పోయడం మొదలయ్యాక, ఏ ట్యాప్‌లోంచి ఏ బీరు వస్తున్నదో తాగేవాడికి కనిపించాలన్న నియమాలు వచ్చాయి, కంపెనీలకూ అది ఉచిత ప్రకటనలా కలిసివచ్చింది. పేరున్న ట్యాప్ గుబ్బ ఈ విధంగా పుట్టింది. వేగాన్ని సూచించే సమాంతర గీతలు, మెట్లుమెట్లుగా దిగే అంచులు, సూర్యకిరణాలు, మూలమలుపుల గీతలు అమెరికా వస్తువులన్నిటిమీదా కనిపిస్తున్న కాలం కూడా సరిగ్గా అదే. 1942 నాటికి యుద్ధం వల్ల క్రోమియం వంటి లోహాలు పౌర అవసరాలకు దొరకడం కష్టమైంది. అసలైన డెకో గుబ్బకు నేను పెట్టుకున్న హద్దు అందుకే 1933 నుంచి 1942 వరకు, అంటే పదేళ్లకు కాస్త తక్కువ.

ఈ హద్దుల్లో కొనదగినవి నాలుగు రకాలు, హద్దు బయట ఉండి కూడా తరచుగా డెకో పేరుతో అమ్ముడయ్యేవి మూడు రకాలు. వీటిని ఒకే తక్కెడలో తూచడం కుదరదు గాని, ఎంపిక చేసుకోవడానికి నేను అన్నిటికీ ఒకే ప్రశ్న వేస్తాను: ఈ వస్తువులో మళ్లీ తయారుచేయలేనిది ఏమిటి? డబ్బు పెట్టవలసింది ఆ భాగానికి, మిగిలినదంతా ఆ భాగాన్ని మోసే పీట.

మొదటిది, నా దృష్టిలో మిగిలిన అన్నిటికన్నా ముందుది, ఎనామిల్ (లోహంమీద కరిగించి అతికించిన రంగు గాజు) బిళ్ళ బిగించిన బంతి గుబ్బ. సేకర్తలు దీన్ని బాల్ నాబ్ అంటారు. రెండంగుళాలకు కాస్త అటూ ఇటూ వ్యాసం ఉన్న గుండ్రటి గుబ్బ, ఎక్కువగా నల్ల బ్యాకలైట్‌తో పోతపోసినది, ముందువైపు చెక్కేసినట్లు చదునుగా ఉండి, ఆ చదునులో కంపెనీ పేరున్న లోహపు బిళ్ళ కూర్చుని ఉంటుంది. బ్యాకలైట్ అంటే తెలుగువారికి కొత్త పదార్థమేమీ కాదు. పాత ఇళ్ల గోడలమీద చెక్క పలకకు బిగించిన నల్లటి గుండ్రటి స్విచ్చులు, ప్రెషర్ కుక్కర్ల పిడులు ఈ కోవకు చెందినవే. లియో బేక్‌లాండ్ 1907లో రూపొందించి 1909లో లోకానికి ప్రకటించిన ఈ పదార్థం ఒకసారి అచ్చులో గట్టిపడిన తరువాత మళ్లీ కరగదు. నల్ల బ్యాకలైట్ గుబ్బను వేలసంఖ్యలో ఒకే అచ్చులో పోశారు కాబట్టి, బిళ్ళ పోయిన ఖాళీ గుబ్బలు ఇప్పటికీ దొరుకుతాయి. బిళ్ళ అలా దొరకదు.

ఆ బిళ్ళను దగ్గరగా చూడటం నేర్చుకోవడమే ఈ వ్యాపకంలో సగం చదువు. ఇత్తడి లేదా రాగి రేకుమీద అక్షరాల చుట్టూ సన్నటి గట్లు నిలిచేలా అచ్చు కొట్టి, గట్ల మధ్య గుంటల్లో రంగు గాజుపొడి నింపి, కొలిమిలో కరిగించి, చల్లారాక అరగదీసి చదును చేసేవారు. మన మీనాకారి పనిని చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. మాసచూసెట్స్ రాష్ట్రంలోని ఆటిల్‌బరో ఊరిలో పతకాలు, బ్యాడ్జీలు చేసే రాబిన్స్ కంపెనీ ఇటువంటి బిళ్ళలకు పేరుపొందింది. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద అసలు బిళ్ళలో రంగుకూ రంగుకూ మధ్య మెరిసే లోహపు గీత కనిపిస్తుంది. రంగు ఆ గీతతో సమానమైన ఎత్తులో ఉంటుంది. గాజులో అక్కడక్కడ సూదిమొనంత గాలిబుడగ ఉంటుంది. అంచు దగ్గర పెచ్చు లేచి ఉంటే, విరిగిన చోటు పగిలిన గాజు సీసా అంచులా నునుపుగా, గవ్వ లోపలిభాగంలా వంపు తిరిగి ఉంటుంది. నకలు బిళ్ళల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకదానిలో రంగు చుక్కలు చుక్కలుగా అచ్చయి ఉంటుంది, అంటే అది ఇటీవలి ముద్రణ. రెండవదానిలో గాజుకు బదులు ఎపాక్సీ జిగురు పోసి ఉంటుంది, దాని ఉపరితలం నీటిబొట్టులా కాస్త ఉబ్బి, అంచుల వద్ద గుండ్రంగా జారుతుంది. ఇది దెబ్బ తగిలినప్పుడు పెచ్చుగా లేవదు, నొక్కుకుపోతుంది.

చేతి అరుగుదల కూడా సాక్ష్యం చెబుతుంది. ఏళ్ల తరబడి బార్‌లో పనిచేసిన గుబ్బ మీద అరచేయి ఆనే పైభాగంలో మెరుపు తగ్గి గోధుమరంగు తేలుతుంది, అడుగుభాగం మాత్రం నల్లగానే ఉంటుంది, బిళ్ళకూ గుబ్బకూ మధ్య సందులో ఎవరూ తుడవని మురికి గట్టిపడి ఉంటుంది. అన్నివైపులా సమానంగా అరిగిన గుబ్బను చూస్తే, ఎవరో కావాలని గరుకు కాగితంతో రుద్దినట్లు నేను అనుమానిస్తాను.

ఇక్కడ ఇంకొక తేడా గమనించాలి. అమెరికా బీరు కంపెనీల్లో చాలావాటిని జర్మన్ మూలాలున్న కుటుంబాలు నడిపేవి గనుక, 1930ల్లో కూడా అవి తమ పేర్లను కోణాలు కోణాలుగా ఉండే పాత జర్మన్ లిపి శైలిలోనే వేసుకోవడానికి ఇష్టపడ్డాయి. అటువంటి బిళ్ళ నిజమైన పాతదే, మంచిదే, కాని ముఖం మాత్రం డెకో కాదు. 1927లో వచ్చిన ఫ్యూచురా అచ్చక్షరాల్లా అలంకారపు తోకలు లేని అక్షరాలు, లేదా 1928లో వచ్చిన బ్రాడ్వేలా లావు సన్నాల తేడా కొట్టొచ్చినట్లు కనబడే అక్షరాలు, వాటి పక్కన మూడు సమాంతర గీతలో సూర్యకిరణాలో ఉన్న బిళ్ళలు తక్కువ. శైలి కోసమే సేకరించేవారు బ్రాండు ప్రఖ్యాతిని పక్కనపెట్టి ఈ అక్షరాలను వెతకడం మేలు, ఎందుకంటే పెద్ద బ్రాండు కోసం ఎగబడేవారు వేరే ఉంటారు, వారితో ధరలో పోటీ పడవలసిన పని మీకు ఉండదు.

రెండవ రకం కూడా బంతి గుబ్బే, బిళ్ళ మాత్రం ఎనామిల్ కాదు. రంగులు అచ్చువేసిన రేకు, లేదా అచ్చు కాగితంమీద పారదర్శకమైన సెల్యులాయిడ్ పొర కప్పినది. ఇవి ఎనామిల్‌కన్నా చవకగా తయారయ్యాయి, ఇప్పుడూ చవకగానే దొరుకుతాయి. పైగా ముద్రణలో గాజుకు సాధ్యంకాని సన్నటి గీతలు, నీడలు వేయవచ్చు గనుక కొన్ని డెకో బొమ్మలు వీటిమీదే ఎక్కువ అందంగా వచ్చాయి. అయితే ఇవి తడికి ఆగవు. నా మొదటి సెల్యులాయిడ్ గుబ్బమీద జిగట మురికి ఉన్నదని గోరువెచ్చటి సబ్బునీళ్లలో అరగంట నానబెట్టాను. తీసేసరికి పొర కిందికి నీరు దిగి, ఎరుపు రంగు అంచున టీ మరకలా పాకింది, వారం తిరక్కుండా లోపలి రేకు తుప్పు పైకి తేలింది. ఆ గుబ్బ ఇప్పటికీ నా బల్లమీద ఉన్నది, కొత్తవారికి చూపించడానికి. ఈ రకం కొనేటప్పుడు పొర కింద గోధుమరంగు చుక్కలు మొదలైనవా అని ఏటవాలు వెలుతురులో చూడాలి. చుక్కలు మొదలైతే అవి పెరుగుతాయేగాని తగ్గవు. శుభ్రం చేయడానికి పొడిగుడ్డ చాలు, దానితో పోని మురికిని ఉండనివ్వడమే మంచిది. సెల్యులాయిడ్‌కు నిప్పు సులభంగా అంటుకుంటుంది కాబట్టి దీపాల వేడికీ దూరంగా పెట్టాలి.

మూడవది కాటలిన్ హ్యాండిళ్లు. 1920ల చివర్లో మార్కెట్లోకి వచ్చిన కాటలిన్, బ్యాకలైట్‌కు దగ్గరి బంధువే గాని, ఇందులో రంపపుపొట్టు వంటి పూరకాలు కలపరు గనుక ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు వెలుతురు లోపలికి దిగినట్లు నిండుగా కనిపిస్తాయి. చేతితో చెక్కి మెరుగుపెట్టిన నిలువు కాటలిన్ హ్యాండిలు చూడటానికి వీటన్నిటిలోకీ అందమైనదని ఒప్పుకోక తప్పదు. చిక్కు ఏమిటంటే అది కాలంతోపాటు మారుతూనే ఉంటుంది: తెలుపు వెన్నరంగుకూ తరువాత ముదురు తేనెరంగుకూ తిరుగుతుంది, నీలం పసుపెక్కి ఆకుపచ్చలా కనిపిస్తుంది, పదార్థం కొద్దికొద్దిగా కుంచించుకుపోయి ఇత్తడి మర చుట్టూ సన్నటి పగుళ్లు వస్తాయి. అందుకే 1930ల కాటలిన్ అంటూ మల్లెపూవంత తెల్లటి హ్యాండిలు చూపిస్తే, అది తరువాతి కాలపు ప్లాస్టిక్ అయినా కావాలి, పై పొరంతా అరగదీసినదైనా కావాలి. ఈ జాతి ప్లాస్టిక్‌ను గుర్తుపట్టడానికి సేకర్తలు సిమిక్రోమ్ అనే గులాబీరంగు మెరుగు క్రీమును దూదికి కొద్దిగా అద్ది కనిపించని అడుగుభాగంలో రుద్దుతారు, క్రీము పసుపురంగుకు తిరిగితే బ్యాకలైట్ లేదా కాటలిన్ అని అర్థం. నల్లటి బ్యాకలైట్‌మీద ఈ పరీక్ష ఫలితం ఒక్కోసారి స్పష్టంగా రాదు. ఎర్రగా కాల్చిన సూది గుచ్చి చూడటం, వేడినీళ్లలో ముంచి వాసన చూడటం అని చెప్పే సలహాలు కూడా ఉన్నాయి; చేతిగాజుల మీదో బొత్తాల మీదో ఎవరేం చేసుకున్నా, బిళ్ళ ఉన్న గుబ్బమీద ఈ రెండూ చేయకూడదు.

నాలుగవది క్రోమియం పూత పూసిన లోహపు గుబ్బ. విమానం ముక్కులా ముందుకు సాగిన ఆకారం, నడుమ నల్లటి వలయాలు, దూరం నుంచి చూసినా 1930లు అని చెప్పేయవచ్చు. పూత కింద ఇత్తడి ఉంటే కొనవచ్చు. జింక్ మిశ్రమం పోత అయితే, పూత కింద చీడపట్టినట్లు బొబ్బలు లేస్తాయి, వాటిని సరిచేయడానికి పూతంతా ఊడదీయక తప్పదు, అప్పుడు పాతతనమంతా పోతుంది. ఈ రెండింటినీ విడదీయడానికి అడుగున మర దగ్గర పూత అరిగిన చోటు చూడండి: అక్కడ పసుపు తొంగిచూస్తే ఇత్తడి, బూడిదరంగు కనిపిస్తే వెనకడుగు వేయండి. లేతపసుపు మెరుపున్న పూత నికెల్, కాస్త నీలి చాయ ఉన్నది క్రోమియం; కొత్తగా పూత వేయించిన గుబ్బలో అక్షరాల పదును మొద్దుబారి ఉంటుంది.

ఎవరు ఎక్కడ నివసిస్తారన్నదానిని బట్టి కూడా ఈ నాలుగింటి మధ్య ఎంపిక మారుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల ఉప్పుగాలిలో, అప్పటికే గుంటలు పడిన క్రోమియం ఎక్కువకాలం నిలవదు. అక్కడివారు ఎనామిల్ వైపు చూడాలి. ఎండలు మండే రాయలసీమలోనో తెలంగాణలోనో కిటికీ పక్క అరలో కాటలిన్ పెట్టడం, దాని రంగును మీ చేతులతో మీరే ముదరబెట్టడం వంటిది. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువారికి మాత్రం ఇంటిముంగిటే ఒక మంచి అవకాశం ఉన్నది. మూడు వలయాల గుర్తున్న బాలంటైన్, 1935 జనవరి 24న మొట్టమొదటిసారిగా డబ్బా బీరును వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో అమ్మకానికి పెట్టిన క్రూగర్, రెండూ ఆ రాష్ట్రంలోని న్యూఆర్క్ నగరపు కంపెనీలే. ఒక ఊరి గుబ్బలన్నీ సేకరించడం ఆరంభించినవారికి హద్దు దానంతట అదే ఏర్పడుతుంది, చేతికి దొరికినదల్లా కొనే జబ్బు తగులుకోదు. మాసచూసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్‌లో ఏటా మే, జులై, సెప్టెంబరు నెలల్లో జరిగే పాతవస్తువుల సంత కూడా న్యూజెర్సీ నుంచి కారులో వెళ్లిరాగల దూరమే.

హద్దు బయటి మూడింటి గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. బ్రిటన్‌లో జోసెఫ్ బ్రామా 1797లో పేటెంటు తీసుకున్న చేతిపంపు సంప్రదాయం కొనసాగింది. అక్కడ పేరు హ్యాండిలుమీద ఉండదు, పంపుకు తగిలించే క్లిప్పుమీద ఉంటుంది. పొడవాటి చెక్క, పింగాణీ పిడులు అందమైనవే, కాని డెకో కోసం బ్రిటన్ వెళ్లేవారు హ్యాండిళ్లకన్నా 1930ల పబ్బు భవనాలనే చూసి రావడం మంచిది. పారదర్శకమైన లూసైట్ ప్లాస్టిక్ హ్యాండిళ్లు చాలావరకు యుద్ధానంతర దశాబ్దాలవి. చవకగా దొరుకుతాయి, దీపం వెనుక పెడితే బాగుంటాయి, కాని వాటిని డెకో ధరకు కొనకండి. ఆల్కహాలు గాని అమోనియా గాని ఉన్న ద్రావకంతో తుడిస్తే వాటిలో సాలెగూడు వంటి పగుళ్లు వస్తాయి. బీరు ట్యాప్‌కు ఆల్కహాలు పడకపోవడం వింతే. ఇక ఇప్పుడు రెసిన్‌తో పోతపోస్తున్న డెకో తరహా కొత్త హ్యాండిళ్లను చిన్నచూపు చూడనవసరం లేదు: ఇంట్లో పీపా బీరు ఫ్రిజ్ పెట్టుకుని రోజూ లాగే ట్యాప్‌కు హ్యాండిలు కావలసినవారు కొనవలసినది వాటినే, ఎనభై ఏళ్లు దాటిన గుబ్బను కాదు.

డబ్బు సంగతికి వస్తే, పెద్దగా అరుదుకాని బ్రాండ్ల బంతి గుబ్బలు వంద డాలర్ల లోపే దొరుకుతాయి, చిన్న ఊళ్ల కంపెనీలవి, నిషేధం ఎత్తివేశాక రెండు మూడేళ్లు మాత్రమే నడిచి మూతబడినవాటివి కొన్ని వందల డాలర్లు పలుకుతాయి. వంద డాలర్లే ఉన్నవారికి నా సలహా స్పష్టం: అంచున ఒక పెచ్చు లేచినా అక్షరాలు చెక్కుచెదరని ఎనామిల్ బిళ్ళను కొనండి. పగుళ్లున్న కాటలిన్‌నూ, "సరికొత్తలా ఉన్నది" అంటూ చూపించే క్రోమియంనూ అదే ధరకు ఇస్తామన్నా వద్దనండి. మూడువందలు పెట్టగలిగితే, అప్పుడు కూడా మూడు గుబ్బలకు బదులు డెకో అక్షరాలున్న ఒక్క గుబ్బ కోసం ఆగమంటాను. పెచ్చులూడిన చోట రంగు నింపి సరిచేశామని చెప్పే గుబ్బ ధర, నింపని గుబ్బకన్నా తక్కువ ఉండాలేగాని ఎక్కువ ఉండకూడదు. చాలామంది అమ్మకందార్లు దీన్ని తలకిందులు చేస్తారు. ఖాళీ గుబ్బలో వేరేచోటి బిళ్ళ అమర్చి ఇస్తే మాత్రం నాకు పెద్దగా అభ్యంతరం ఉండదు, ఆ సంగతి ముందుగా చెబితే చాలు.

కొనడానికి ముందు కనీసం యాభై గుబ్బలనైనా చేతిలోకి తీసుకుని చూడటం అవసరం. 1970లో బీరు డబ్బాల సేకర్తలు పెట్టుకున్న సంఘం ఇప్పుడు బ్రూవరీ కలెక్టిబుల్స్ క్లబ్ ఆఫ్ అమెరికాగా నడుస్తున్నది. 1972లో ఏర్పడిన నేషనల్ అసోసియేషన్ బ్రూవేరియానా అడ్వర్టైజింగ్ ఇంకొకటి. ఈ సంఘాలవారి సమావేశాల్లో సభ్యులు బల్లలమీద పరుచుకుని మార్పిళ్లు చేసుకుంటారు. నకలును గుర్తుపట్టడం అక్కడ అరపూటలో వచ్చినంతగా తెరమీది ఫొటోలు నెలల తరబడి చూసినా రాదు. దూరం నుంచి కొనక తప్పనివారు అమ్మకందారును మూడు ఫొటోలు అడగాలి: బిళ్ళ అంచు ఏటవాలు వెలుతురులో, అడుగున మర, గుబ్బ పైభాగం. మూడవది పంపడానికి సాకులు చెప్పేవారి దగ్గర కొనకపోతే నష్టం ఏమీ లేదు.

చివరిగా, అడుగున ఉన్న మరలో బోల్టు బిగించి గుబ్బను ఇంట్లో నిలబెట్టుకోవడం. అమెరికా ట్యాపుల నేటి ప్రమాణం ఎనిమిదింట మూడు వంతుల అంగుళం మందం, అంగుళానికి 16 మరలు. పాత గుబ్బల్లో వేరే కొలతలూ ఉంటాయి కాబట్టి ముందు కొలిచి చూడాలి. హైదరాబాదులో ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా ముందు చేతిలో పెట్టేది పది మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు. అది చూపుకు సరిపోయినట్లే ఉంటుంది, కాని అమెరికా మర మందం 9.5 మిల్లీమీటర్లే గనుక, రెండు చుట్లు బలంగా తిప్పారంటే మెత్తటి ఇత్తడి మర చెడిపోతుంది. రాణిగంజ్ వంటి చోట పాత బ్రిటిష్ విట్‌వర్త్ కొలతలో అదే మందం బోల్టు అడిగి తీసుకోండి, దానికీ అంగుళానికి 16 మరలే. దానిని వేళ్లతోనే తిప్పాలి, పానా పట్టకూడదు. వేళ్లకు తిరగకపోతే అక్కడితో ఆపేసి, చిన్న చెక్క దిమ్మలో గుబ్బ అడుగు పట్టేంత గుంట తొలిపించి, మర జోలికి పోకుండా అందులో నిలబెట్టుకోండి.